కాగితాలు వెళ్లే ఊరు: లండన్‌లో ఆరు రోజులు

ముప్పై ఒక్క ఏళ్లు ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. రేవులోకి ఓడ వచ్చిందంటే దాని మంచీ చెడూ మాదే. కస్టమ్స్, ఓడని రేవులోకి నడిపే పైలట్, సరుకు ఎక్కించి దింపే స్టీవ్‌డోర్లు, మంచినీళ్లు, జబ్బుపడ్డ నావికుడికి డాక్టరు, ఇంటికి ఫోను చేసుకోవడానికి సిమ్ కార్డు అన్నీ మేమే చూసేవాళ్లం. ఓడ యజమాని గ్రీకు, జెండా పనామా, సిబ్బంది ఫిలిప్పీన్స్, సరుకు ఆస్ట్రేలియా బొగ్గు. అయినా చార్టర్ పార్టీ, అంటే ఓడని అద్దెకి తీసుకునే ఒప్పందం, దాని చివరి పేజీల్లో నేను ఎన్నోసార్లు చూసిన వాక్యం ఒకటే: తగాదా వస్తే లండన్‌లో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), ఇంగ్లిష్ చట్టం ప్రకారం. ఓడకి దెబ్బ తగిలినా, సరుకు తడిసినా, రోజులు ఆలస్యమైనా మా మేనేజరు గారు "లండన్ ఏమంటుందో చూద్దాం" అనేవారు. ఆ లండన్‌లో ఎవరుంటారో, ఏ గదిలో కూర్చుంటారో నాకు ఎప్పుడూ తెలియలేదు.

మా చెల్లెలి కూతురు అక్కడ ఒక అకౌంటింగ్ సంస్థలో ఆడిట్ పని చేస్తుంది. "రా మావయ్యా, ఆ లండన్ ఏదో నేనే చూపిస్తా" అంది. 2025 మే నెలలో వెళ్లొచ్చాను. తిరిగొచ్చి పది రోజులైంది. మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

మే 11, ఆదివారం: ఎవరూ లేని ఊరు

మేనకోడలు ఉండేది ఈస్ట్ హామ్‌లో. పొద్దున్నే డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి మాన్యుమెంట్ స్టేషన్‌లో దిగాం. పైకి రాగానే నాకు అనుమానం వచ్చింది, ఏదైనా బంద్ జరుగుతోందా అని. రోడ్ల మీద మనుషులు లేరు. అద్దాల మేడలు, రాతి మేడలు, మధ్యలో సన్నటి సందులు, అన్నీ నిశ్శబ్దం. కాఫీ షాపులకు కూడా తాళాలు.

"ఇదే సిటీ మావయ్యా. మొత్తం లండన్ కాదు, దాని లోపల ఇంకో చిన్న లండన్" అని చెప్పింది. సిటీ ఆఫ్ లండన్ అంటే చదరపు మైలుకి కాస్త ఎక్కువ. 2021 జనాభా లెక్కల్లో ఇక్కడ ఇల్లున్నవాళ్లు సుమారు 8,600 మంది. పనికి వచ్చేవాళ్లు ఆరు లక్షలకు పైగా. దీనికి సొంత పోలీసు ఉంది, లండన్ మేయర్‌తో సంబంధం లేని సొంత లార్డ్ మేయర్ పదవి ఉంది. సరిహద్దుల్లో వెండి రంగు డ్రాగన్ బొమ్మలు ఎర్ర శిలువ ఉన్న డాలు పట్టుకుని నిలబడి ఉంటాయి. నన్ను ఆశ్చర్యపరిచింది ఓట్ల సంగతి. ఇక్కడి స్థానిక ఎన్నికల్లో కంపెనీలకి కూడా ఓట్లు ఉంటాయి, ఉద్యోగుల సంఖ్యని బట్టి. దేశంలో మిగతా చోట్ల ఈ పద్ధతిని 1969లో తీసేశారు, ఇక్కడ మాత్రం ఉంచారు. ఊరి సంగతి ఊళ్లో నిద్రపోయేవాళ్లు తేల్చుకోవాలనేది నాకు తెలిసిన న్యాయం. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

టీ కోసం చాలాసేపు నడిచాం. చివరికి టవర్ ఆఫ్ లండన్ దగ్గర, టూరిస్టుల మధ్య, కాగితం కప్పులో దొరికింది. మూడు పౌండ్ల పైనే. పాలు వేరే, చక్కెర వేరే, మరిగించడం అసలు లేదు. రాత్రి ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో మసాలా దోసె, సాంబారు తిన్నాక ప్రాణం కుదుటపడింది. పక్క టేబుల్ దగ్గర నలుగురు కుర్రాళ్లు తెలుగులో అద్దె పంపకాల లెక్క వేసుకుంటున్నారు.

మే 12, సోమవారం: కాఫీ కొట్లు, ఒక తప్పు మలుపు

నిన్నటి ఊరు ఇదేనా అనిపించింది. బ్యాంక్ స్టేషన్ మెట్ల మీద జనం వరదలా పైకి వస్తున్నారు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్లకి వదలాలి. నేను ఎడమవైపు నిలబడ్డాను. వెనకాలావిడ "సారీ" అంది. తప్పుకోమని అర్థం. ఇక్కడ సారీ అనే మాటతో చాలా పనులు జరుగుతాయి.

మేనకోడలు ఆఫీసుకి వెళ్లింది. నేను ఒక్కణ్నే సందులు పట్టుకుని తిరిగాను. సెయింట్ మైకేల్స్ ఆలీ అని ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సందు. లండన్‌లో మొట్టమొదటి కాఫీ కొట్టు 1652లో ఇక్కడే పెట్టారని గోడ మీద ఫలకం ఉంది. పాస్కా రోజీ అనే ఆయన పెట్టాడు. ఇప్పుడక్కడ వైన్ హౌస్ ఉంది. నాలుగు అడుగులు వేస్తే లాంబార్డ్ స్ట్రీట్. ఎడ్వర్డ్ లాయిడ్ అనే కాఫీ కొట్టు యజమాని 1691లో టవర్ స్ట్రీట్ నుంచి ఈ వీధికి మారాడు. ఓడల కెప్టెన్లు, సరుకుల వర్తకులు, డబ్బున్నవాళ్లు అతని కొట్లో కూర్చునేవాళ్లు. ఏ ఓడ ఎక్కడుంది, ఏది మునిగింది అనే కబురు అక్కడికే ముందు వచ్చేది. కబురు ఉన్నచోటికి పందెం వచ్చింది, పందెం ముదిరి బీమా అయింది. అలా పుట్టిందే లాయిడ్స్. ఆ కాఫీ కొట్టు ఉన్న చోట ఇప్పుడు సూపర్ మార్కెట్ ఉంది. లోపలికెళ్లి గుడ్డు శాండ్‌విచ్, నీళ్ల సీసా, చిప్స్ ప్యాకెట్ కొనుక్కుని బయట మెట్ల మీద కూర్చుని తిన్నాను. నా పక్కన సూటు వేసుకున్న కుర్రాడు కూడా అదే తింటున్నాడు, ఒక చేత్తో ఫోనులో టైపు చేస్తూ.

తర్వాత లాయిడ్స్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుందామని బయల్దేరి, లాయిడ్స్ అవెన్యూ అనే బోర్డు కనిపిస్తే అటే తిరిగాను. మూల మీద శిల్పాలతో అందమైన పాత భవనం. ఇదే అనుకుని గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన్ని అడిగాను. ఆయన నైజీరియావాడు, చాలా మర్యాదస్థుడు. "ఇది లాయిడ్స్ రిజిస్టర్ సార్. మీకు కావలసింది బీమా లాయిడ్స్. రోజూ ఒకరిద్దరు ఇలాగే వస్తారు" అన్నాడు. రెండూ ఆ కాఫీ కొట్టు పిల్లలే, కానీ వేరు వేరు సంస్థలు. రిజిస్టర్ 1760లో మొదలైంది. ఓడ కట్టుబడి ఎలా ఉంది, ఇంజను ఎలా ఉంది అని సర్వే చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్లు నా చేతుల్లోంచి కొన్ని వందలు వెళ్లి ఉంటాయి. ఆ పేరు రాసి ఉన్న గోడని చేత్తో తాకి చూశాను.

ఆయన చెప్పిన దారిన, గడియారం చూసుకుంటూ నడిచాను. ఓడని సర్వే చేసే సంస్థ గుమ్మం నుంచి బీమా చేసే గుమ్మానికి ఏడు నిమిషాలు. అక్కణ్నుంచి ఓడలని అద్దెకి కుదిర్చే బ్రోకర్ల సంఘం, బాల్టిక్ ఎక్స్ఛేంజ్, ఒకప్పుడు ఉన్న చోటికి ఇంకో నాలుగు నిమిషాలు. 1992 ఏప్రిల్ 10న ఐర్లండ్ సాయుధ సంస్థ ఐఆర్ఏ బాంబుకి ఆ పాత భవనం దెబ్బతింది, ముగ్గురు చనిపోయారు. ఆ స్థలంలోనే 2004లో దోసకాయ ఆకారపు మేడ లేచింది, అందరూ గెర్కిన్ అంటారు. బాల్టిక్ సంస్థని 2016లో సింగపూర్ ఎక్స్ఛేంజ్ కొనుక్కుంది. అయినా ఓడల కిరాయి సూచీలకి ప్రపంచమంతా ఇప్పటికీ బాల్టిక్ పేరే వాడుతుంది.

గెర్కిన్ కింద రాతి అరుగు మీద కూర్చుంటే ఎవర్ గివెన్ గుర్తొచ్చింది. 2021 మార్చి 23న సూయజ్ కాలువకి అడ్డం పడి ఆరు రోజులు కదలని ఓడ. యజమాని జపాన్, నడిపేది తైవాన్ కంపెనీ, జెండా పనామా, సిబ్బంది 25 మంది భారతీయులు, ఇరుక్కున్నది ఈజిప్టులో. అందులో బ్రిటన్‌ది ఏముంది? కానీ ఇతరులకి కలిగిన నష్టాల బీమా చూసే పి అండ్ ఐ క్లబ్ లండన్‌ది. ఓడ యజమాని, సరుకు యజమానులంతా నష్టాన్ని ఎలా పంచుకోవాలో లెక్కకట్టే యావరేజ్ అడ్జస్టర్లు లండన్‌వాళ్లు. ఓడ యజమానులు తమ బాధ్యతకి పరిమితి పెట్టమని వెళ్లిన కోర్టూ లండన్‌దే. ఓడని ఇసుకలోంచి లాగింది టగ్గులు, డ్రెడ్జర్లు. ఆ తర్వాత పనిలో చాలా భాగం ఈ పది నిమిషాల నడక దూరంలో జరిగింది.

మే 13, మంగళవారం: గంట, ఈక కలం, ఒక బ్రోకరు

లాయిడ్స్ లోపలికి ఊరికే పోనివ్వరు. మేనకోడలి స్నేహితురాలి ద్వారా ఒక బ్రోకరు నన్ను అతిథిగా తీసుకెళ్లడానికి ఒప్పుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. 1983లో, పదిహేడేళ్ల వయసులో, కాగితాలు మోసే కుర్రాడిగా చేరాడట. నేను ఓడల ఏజెంటు ఆఫీసులో చేశానని చెప్పగానే చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

భవనం పేగులు బయటికి వచ్చినట్టు ఉంటుంది. పైపులు, మెట్లు, గాజు లిఫ్టులు అన్నీ బయటి గోడకే. ఆర్కిటెక్టు రిచర్డ్ రోజర్స్ కట్టాడు, 1986లో తెరిచారు. లోపల మధ్యలో కింది నుంచి పైకప్పు దాకా ఖాళీ, చుట్టూ అంతస్తులు, ఎస్కలేటర్లు. కింద వరసగా చెక్క బెంచీల్లాంటివి. వాటిని బాక్సులు అంటారు. కాఫీ కొట్టు బల్లల రూపం ఇప్పటికీ పోలేదు. గుమ్మం దగ్గర పొడుగు కోటు వేసుకుని నిలబడే సిబ్బందిని నేటికీ వెయిటర్లనే పిలుస్తారు.

మధ్యలో గుండ్రటి చెక్క మండపం కింద లూటీన్ గంట వేలాడుతోంది. 1799 అక్టోబరులో బంగారంతో వెళ్తూ డచ్చి తీరంలో మునిగిన ఓడది. 1858లో పైకి తీశారు. ఒకప్పుడు జాడ తెలియని ఓడ గురించి చెడ్డ కబురైతే ఒకసారి, మంచి కబురైతే రెండుసార్లు కొట్టేవారట. అందరికీ ఒకేసారి తెలియాలని. కబురు ముందు తెలిసినవాడు తెలియనివాణ్ని మోసం చెయ్యకుండా. ఇప్పుడు కొన్ని సందర్భాల్లోనే కొడతారు. పక్కనే పెద్ద పుస్తకం తెరిచి ఉంది. మునిగిపోయిన ఓడల పేర్లు ఈక కలంతో అందులో రాస్తారు. నూరేళ్ల కిందటి పుస్తకం కూడా అలాగే తెరిచి పెట్టారు. 1925 మే నాటి పేజీలో వంపుల అక్షరాల్లో ఓడల పేర్లు. ఎంతమంది పోయారో ఆ పేజీలో ఉండదు. కాసేపు కదలలేకపోయాను.

పని ఎలా జరుగుతుందో ఆయన నిలబెట్టి చూపించాడు. లాయిడ్స్ బీమా కంపెనీ కాదు, ఒక సంత. ఇందులో సిండికేట్లు, అంటే బీమా భారం మోసే బృందాలు, ఉంటాయి. ఓడకి బీమా కావాలంటే బ్రోకరు వివరాలన్నీ స్లిప్ మీద రాసుకుని, ఆ రకం ఓడల గురించి బాగా తెలుసని పేరున్న అండర్‌రైటర్, అంటే సిండికేట్ తరఫున బీమా ఒప్పుకునేవాడి, దగ్గరికి ముందు వెళ్తాడు. ఆయన ధర చెప్పి, నష్టంలో నా వాటా ఇంత శాతం అని రాస్తాడు. అతన్ని లీడ్ అంటారు. అతని పేరు చూసి మిగతావాళ్లు పదో, అయిదో, రెండో శాతం వేస్తూ నూరు నింపుతారు. ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ మీదే. "మరి ఇంత ఖరీదైన భవనంలో ఎదురెదురుగా కూర్చోవడం ఎందుకు?" అని అడిగాను.

ఆయన వెంటనే చెప్పలేదు. కాఫీ తెచ్చి ఇచ్చి, కూర్చున్నాక చెప్పాడు. మామూలు ఓడకైతే కంప్యూటర్ చాలట. యుద్ధం జరుగుతున్న సముద్రంలోంచి వెళ్లాల్సిన ఓడకో, ఇంతవరకు ఎవరూ బీమా చెయ్యని కొత్త వస్తువుకో అయితే, ఎదుటివాడి మొహం చూడాలట. నేను ఏదైనా దాస్తున్నానా అని అతను చూడాలి, అతనికి నిజంగా అర్థమైందా అని నేను చూడాలి. అర్థం కాకపోతే అయిదు నిమిషాల్లో సముద్ర చట్టం తెలిసిన లాయరు, ఓడలు చదివిన ఇంజనీరు, లెక్క తెలిసినవాడు ముగ్గురూ ఈ వీధిలోనే దొరుకుతారు. మంగళ, బుధ, గురువారాల్లో ఇక్కడ రద్దీ, సోమ, శుక్రవారాల్లో పలచన అని కూడా చెప్పాడు.

మధ్యాహ్నం ఆయనే పక్కనున్న లెడెన్‌హాల్ మార్కెట్‌కి తీసుకెళ్లాడు. 1881 నాటి ఇనుప స్తంభాలు, గాజు కప్పు, మెరూన్, బంగారు రంగులు. పుట్టగొడుగులు కూరిన పై అనే పిండివంట, బఠాణీలు, బంగాళాదుంప ముద్ద తిన్నాను. ఉప్పు తక్కువైనా వేడివేడిగా బాగుంది. బిల్లు నన్ను చూడనివ్వలేదు.

మే 14, బుధవారం: కోర్టులో వాన లెక్క

ఫెటర్ లేన్‌లో రోల్స్ బిల్డింగ్ అని కొత్త కోర్టు భవనం, 2011లో మొదలైంది. కమర్షియల్ కోర్టు ఇందులోనే. బ్యాగు తనిఖీ చేసి లోపలికి పంపేశారు. డబ్బు లేదు, పాసు లేదు, ఎవరు నువ్వు అని అడగలేదు. గోడ మీద ఆ రోజు కేసుల పట్టిక ఉంది. ఓడ పేరు కనిపించిన గదిలోకి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను.

వాదులు ఒక దేశం, ప్రతివాదులు ఇంకో దేశం, రేవు మూడో దేశం. ఇంగ్లండుకి చెందినవి ఆ గదీ, చట్టమూ, లాయర్లూ మాత్రమే. ధాన్యం దింపడం ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి ఓడవాళ్లకి ఇచ్చే పరిహారం, డెమరేజ్, ఎవరు కట్టాలి అన్నది తగాదా. అరగంట గడిచాక ఒక లాయరు ఫైలు తిప్పి, రేవులో ఏ టైముకి ఏం జరిగిందో రాసిన కాగితం, స్టేట్‌మెంట్ ఆఫ్ ఫాక్ట్స్, చదవడం మొదలుపెట్టింది. పైలట్ ఎక్కింది ఇన్ని గంటలకి, లంగరు వేసింది ఇన్ని గంటలకి, ఓడ సిద్ధం అనే నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇచ్చింది ఇన్ని గంటలకి, వాన మొదలు, సరుకు అర పైనున్న హాచ్ మూత, వాన ఆగింది, హాచ్ తెరిచింది.

నా ఒళ్లు జలదరించింది. ఆ కాగితం రాసేది నాలాంటి గుమాస్తా. గొడుగు పట్టుకుని జెట్టీ మీద నిలబడి, తడిసిన నోట్‌బుక్కులో టైము వేసుకుని, రాత్రికి ఆఫీసులో టైపు చేసి, కెప్టెన్ చేత సంతకం పెట్టించుకునేది నేనే. వేలకి వేలు రాసి ఉంటాను. ఆ రేవు గుమాస్తా ఒకచోట వాన ఆగిన టైము వెయ్యలేదు. ఆ ఒక్క ఖాళీ మీద ఇద్దరు పెద్ద లాయర్లు, వెనక నలుగురు జూనియర్లు, గోడ పొడుగునా ఫైళ్లు, జడ్జి గారు ఓపికగా రాసుకుంటూ ఒక పూటంతా గడిపారు. ఎవరూ ఆ గుమాస్తాని తక్కువ చేసి మాట్లాడలేదు. అతను రాసినదాన్ని శాసనంలా చదివారు.

మధ్యాహ్నం కోర్టు లేచాక ఫ్లీట్ స్ట్రీట్ దాటి టెంపుల్ అనే లాయర్ల పాత పేటలోకి వెళ్లాను. రోడ్డు మీద బస్సుల రొద, ఒక్క కమాను దాటితే చెట్లు, పచ్చిక, పక్షులు. బారిస్టర్ల ఆఫీసులు ఇక్కడ. ప్రతి గుమ్మం దగ్గర వాళ్ల పేర్లు చేత్తో రాసిన బోర్డు, సీనియారిటీ వరసలో. గాంధీజీ 1891 జూన్ 10న ఇక్కడి ఇన్నర్ టెంపుల్ అనే లాయర్ల సంఘం నుంచే బారిస్టరయ్యారు. 1922లో ఆయన పేరు కొట్టేశారు, 1988లో మళ్లీ రాశారు. బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. తోటపనివాడు వాసన చూసి నవ్వుతూ నిమ్మకాయా అని అడిగాడు. చింతపండు అని చెప్పి మూతలో కొంచెం పెట్టాను. తిన్నాడు.

మే 15, గురువారం: ఓడలు పోయిన రేవు

మేనకోడలు సెలవు పెట్టింది. డ్రైవరు లేని డీఎల్‌ఆర్ రైల్లో ముందు సీటు దొరికింది. కానరీ వార్ఫ్ వెళ్లాం. ఇది వెస్ట్ ఇండియా డాక్స్, 1802లో తెరిచిన రేవు. చక్కెర, రమ్ము ఇక్కడ దిగేవి. వాటిని పండించింది కరీబియన్ తోటల్లో బానిసలు. పాత చక్కెర గిడ్డంగిలో మ్యూజియం పెట్టి ఆ చరిత్ర దాచకుండా చూపిస్తున్నారు, టికెట్ లేదు. బానిస ఓడలకి బీమా చేసినందుకు లాయిడ్స్ 2020లో క్షమాపణ చెప్పింది. నిన్నగాక మొన్న చూసిన ఆ గంట, ఆ ఈక కలం ఇక్కడ నాకు వేరేలా గుర్తొచ్చాయి.

కంటైనర్లు వచ్చాక పెద్ద ఓడలు ఈ మలుపులోకి రాలేక సముద్రం వైపున్న టిల్బరీ రేవుకి పోయాయి. రేవు 1980లో మూతపడింది. 1991కి 235 మీటర్ల మేడ కట్టారు. కట్టిన కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది. తర్వాత బ్యాంకులు వచ్చి నిండాయి. క్రేన్లు ఇంకా ఉన్నాయి, రంగు వేసి అలంకారంగా నిలబెట్టారు. రేవులో బతికినవాణ్ని, పనిలేని క్రేన్‌ని చూస్తే నాకు దిగులేసింది.

నీళ్ల పక్కన కూర్చున్నాక మేనకోడలు తన పని చెప్పింది. ఒక కంపెనీకి పద్నాలుగు దేశాల్లో శాఖలుంటే ఒక్కో దేశంలో ఒక్కో పన్ను, ఒక్కో కరెన్సీ, ఒక్కో చట్టం. అన్నిటినీ కలిపి ఒక్క లెక్కగా చెయ్యాలి. ఆ లెక్క రాసే పద్ధతికి ఒక ఉమ్మడి భాష ఉంది, 140కి పైగా దేశాలు, ప్రాంతాలు దాన్ని వాడుతున్నాయి. ఆ భాషకి నియమాలు రాసే బోర్డు ఆఫీసు వేలు పెట్టి చూపించింది, ఈ కానరీ వార్ఫ్‌లోనే ఉంది.

"సాస్కియా సాసెన్ అనే సోషియాలజిస్టు 1991లోనే చెప్పింది మావయ్యా. ఫ్యాక్టరీలు, ఆఫీసులు ప్రపంచమంతా చెదిరిపోయినకొద్దీ వాటిని కలిపి నడిపే పని కష్టమవుతుంది. ఏ కంపెనీ ఆ పనంతా తనే చేసుకోలేదు. లాయర్లు, ఆడిటర్లు, బీమావాళ్లు, కన్సల్టెంట్లు, ప్రకటనలవాళ్ల దగ్గర కొనుక్కుంటుంది. వాళ్లకి ఒకరితో ఒకరికి పని. అందుకే నాలుగైదు ఊళ్లలో గుంపుగా చేరతారు." లఫ్‌బరో యూనివర్సిటీ నుంచి మొదలైన ఒక పరిశోధన బృందం ఊళ్లని జనాభాతో కాకుండా ఇలాంటి సంస్థల ఆఫీసులు ఒకదానితో ఒకటి ఎంత ముడిపడ్డాయో చూసి వరస పెడుతుందట. లండన్, న్యూయార్క్ పైన ఉంటాయి. ఇక్కడున్న ఒక పెద్ద బ్యాంకు, హెచ్ఎస్‌బీసీ, తన టవర్ వదిలి మళ్లీ సెయింట్ పాల్స్ దగ్గరికి పోతానని 2023లో ప్రకటించింది. రైల్లో పావుగంట దూరం కూడా దూరమే కాబోలు.

సాయంత్రం ఆరింటికి లెడెన్‌హాల్ మార్కెట్‌కి మళ్లీ వెళ్లాం. గురువారం సాయంత్రం వాళ్లకి పండగ. పబ్బుల ముందు రోడ్డు నిండా నిలబడే ఉన్నారు, చేతిలో గ్లాసులు. కుర్చీలున్నా కూర్చోరు. ఒకరు అందరికీ కొని తెస్తే తర్వాతి వంతు ఇంకొకరిది, వంతు ఎగ్గొట్టడం చాలా చెడ్డపేరు. నేను నారింజ రసం పట్టుకుని నా వంతు కొన్నాను, నలుగురికి ఇరవై ఆరు పౌండ్లు. మొన్నటి బ్రోకరు కనిపించి, ఒక లాయర్ని, ఒక సర్వేయర్ని పరిచయం చేశాడు. పది నిమిషాల్లో వాళ్లు ముగ్గురూ ఏదో ఓడ గురించి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మే 16, శుక్రవారం: తెల్లవారుజాము బస్సు

ఈ రోజు సంగతి నా అంతట నేను పెట్టుకున్నది. ఆ అద్దాలు ఎవరు తుడుస్తారు అని మొదటి రోజే అడిగాను. "ఎన్15 బస్సు ఎక్కు, తెలుస్తుంది" అంది మేనకోడలు. నాలుగింటికి ఈస్ట్ హామ్‌లో ఎక్కాను, ఒక పౌండ్ 75 పెన్నీలు. సీట్లు నిండిపోయాయి. ఎక్కువమంది ఆఫ్రికావాళ్లు, బంగ్లాదేశ్‌వాళ్లు, దక్షిణ అమెరికావాళ్లు. సగం మంది కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు, దిగాల్సిన స్టాపు వచ్చేసరికి ఎవరూ లేపకుండానే లేస్తున్నారు.

పక్కనావిడ ఘనా నుంచి వచ్చి పందొమ్మిదేళ్లయింది. రెండు భవనాల్లో శుభ్రం చేస్తుంది. ఒకదానిలో అప్పటి రేటు గంటకి 13 పౌండ్ల 85 పెన్నీలు. దాన్ని లండన్ లివింగ్ వేజ్ అంటారు, చట్టం కాదు, ఇష్టపడ్డ యజమానులు ఇస్తారు. ఈస్ట్ లండన్ జనం 2001లో మొదలుపెట్టిన ఉద్యమం వల్ల వచ్చింది. రెండోదానిలో అప్పటికి చట్టం చెప్పిన 12 పౌండ్ల 21 పెన్నీలే. "రెండు చోట్లా మురికి ఒకటే" అంది. పగలు ఆ బల్లల దగ్గర కూర్చునేవాళ్లని తను చూసింది తక్కువ. కానీ ఎవరు పిల్లల ఫోటో పెట్టుకున్నారో, ఎవరు బల్ల దగ్గరే భోంచేస్తారో తెలుసట. లాయర్లు, బీమావాళ్లవి ఒక రకం సేవలైతే, ఈ రెండో రకం సేవలు లేకుండా నగరం ఒక్క రోజు నడవదు. ఊళ్లకి పెట్టే ఆ వరసల్లో వీళ్ల లెక్క రాదు, అది నాకు బాధగా ఉంది.

ఆవిడ మాన్యుమెంట్ దగ్గర దిగింది. నేనూ దిగి, తెల్లారేదాకా నడిచి, ఆల్డ్‌గేట్ దాటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన ఒకాయన కేఫ్‌లో గుడ్లు, బీన్సు, రొట్టె, గట్టి టీ తీసుకున్నాను. ఆరున్నర పౌండ్లు. ఈ ప్రయాణంలో నేను తాగిన మంచి టీ అదే. నిజంగా మరిగించాడు.

మధ్యాహ్నం థేమ్స్ కింద 1902లో తవ్విన నడక సొరంగంలోంచి గ్రీనిచ్ వెళ్లాను. అక్కడి సముద్ర మ్యూజియంలో బాల్టిక్ ఎక్స్ఛేంజ్ రంగుటద్దాలు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తమ సభ్యుల కోసం పెట్టుకున్నవి. 1992 బాంబుకి పగిలాయి, అతికించి నిలబెట్టారు. చూసి బయటికి వచ్చి నది ఒడ్డున కూర్చున్నాను. నది మీద టూరిస్టు పడవలు తప్ప ఒక్క సరుకు ఓడ లేదు. ఓడలు ఎప్పుడో వెళ్లిపోయాయి. వాటి కాగితాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

అంతలో ఫోను మోగింది. మా పాత ఆఫీసులో నా సీట్లో ఉన్న కుర్రాడు. "మాస్టారూ, ఎరువుల ఓడ వచ్చింది. పొద్దున్నుంచి వాన, ఆగుతోంది, పడుతోంది. స్టేట్‌మెంట్‌లో మధ్యాహ్నం వరకు వాన అని ఒక్క లైన్ రాసేస్తే చాలదా?"

"చాలదురా. గొడుగు తీసుకుని జెట్టీ మీదకి వెళ్లు. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి పడింది, ఎన్నింటికి ఆగింది, హాచ్ ఎప్పుడు మూశారు, ఎప్పుడు తెరిచారు, ఒక్కటీ వదలకు. కెప్టెన్ సంతకం ఈ రాత్రికే పెట్టించు" అన్నాను.

"ఇప్పుడు మళ్లీ పడుతోంది మాస్టారూ" అన్నాడు.

"టైము చూడు" అన్నాను.